విట్లాక్ పెట్టిన టోపీ

అమెరికా ఆదివాసుల్లో మా క్రో తెగ మగవాళ్లం ముందుజుట్టు నిటారుగా పైకి దువ్వుకుంటాం. చిత్రకారుడు విట్లాక్ దాన్ని తడిచేత్తో అణిచేసి, ముక్కిపోయిన ఈకల టోపీ ఒకటి నా నెత్తిన పెట్టాడు.

“ఛీ, ఇది సూ తెగవాళ్లది దొరా! మా అన్నను చంపింది వాళ్లే.”

“న్యూయార్కులో కొనేవాడికి ఏది ఎవరిదో తెలిసి చస్తుందా? కదలకు.”

పిండిబస్తా ఇస్తానన్నాడని కదల్లేదు. అలాంటి బొమ్మలే నలభై ఏళ్లు గీసి, మెడనిండా పతకాలు వేయించుకుని పోయాడు. అతని పేరు వింటే ఇప్పటికీ ఉమ్మేస్తాను.

నిన్న జాతర ఊరేగింపుకని జుట్టు పైకి దువ్వుకుంటే, మనవరాలు మేబెల్ పకపకా నవ్వి తడిచేత్తో అణిచేసింది.

“పాతకాలంలో మనవాళ్లు ఇలా ఉండేవాళ్లు కాదు తాతా, మతిపోయిందా నీకు? అదిగో, చూసి నేర్చుకో!”

గోడమీది క్యాలెండరు చూపించింది. అందులో, ఆ టోపీ కింద ఉన్నది నా మొహమే.