సర్దారు ఎడమ చెయ్యి

"ఇది మిషను కుట్టు. విప్పెయ్," అంది కుముద్‌తాయి.

దర్జీ గణూకాకా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "సాయంత్రం ఆట పెట్టుకుని ఇదేం పట్టు తాయీ? చంకలో కుట్టు ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను."

సర్దారు వేషంలో ఉన్న దిగంబర్ చెయ్యెత్తి నిలబడ్డాడు. కాకా దారం తెంపడం మొదలుపెట్టాడు.

"కాకా, చక్కిలిగిలి!"

"సర్దార్లకి చక్కిలిగిలి ఉండదు. కదలకు."

సతారాలో చారిత్రక నాటకాలు వేసేవాళ్లకు కుముద్‌తాయి అంటే హడల్. ఒక్క గుండీ తప్పయినా తెర లేవనివ్వదు. బహిర్జీ సర్దారు నాటకం కోసం రెండేళ్లు పరిశోధన చేసింది. ఆయన పాత భవంతిలో, ఒక పెట్టె అడుగున, ఆయన అంగరఖా, పొడుగాటి పైచొక్కా, దొరికింది. రెండువందల ఏళ్లయినా చిరుగు లేదు. చెమట మరకైనా లేదు.

దాని ఎడమ చెయ్యి మాత్రం నాలుగు వేళ్ల మేర పొట్టి.

అంటే సర్దారు చెయ్యే పొట్టి! ఆ సంగతి మీద ఆమె పుస్తకమే రాసింది.

ఆ పుస్తకం పుణ్యమా అని దిగంబర్‌కి వేషం దొరికింది. చిన్నప్పుడు విరిగిన అతని ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుని పొట్టిదైపోయింది. ఇరవై ఏళ్లుగా అన్నీ దివిటీ పట్టుకునే వేషాలే. ఇవాళ సర్దారు. వాళ్లమ్మ కొత్త చీర కట్టుకుని అప్పుడే మొదటి వరసలో కూర్చుంది.

"నా జన్మలో రెండు చేతులూ సరిపోయిన బట్ట ఇదే కాకా," అన్నాడు.

"మురిసిపోకు. పరిశోధన తప్పని తేలితే వేషం నాది. మాటలన్నీ నాకు కంఠతా వచ్చు," అన్నాడు తలుపు దగ్గర వసంత్. అతని చేతులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"అసలుదాన్ని చూసి కుట్టు," అంటూ కుముద్‌తాయి, ఇన్నాళ్లూ ఎవర్నీ ముట్టనివ్వని అంగరఖాని తనే కాకా చేతిలో పెట్టింది.

కాకా దాని ఎడమ చేతిని లోపలికి తిరగేశాడు. అస్తరు మడతలోంచి ఒక కాగితం జారిపడింది. అంతా మోడీ లిపి, పాతకాలం మరాఠీ రాత. అక్కడ అది చదవగలిగేది కుముద్‌తాయి ఒక్కతే.

చదివింది. మళ్లీ చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం రాసుంది తాయీ?" అన్నాడు దిగంబర్. "ఏమైనా తప్పు చేశామా?"

వసంత్ రెండడుగులు లోపలికి వేశాడు.

ఆమె ఇద్దరినీ చూసింది. అబద్ధమాడటం అలవాటు లేక ఒకసారి దగ్గింది.

"అమ్మవారి పేరు. రక్షగా పెట్టుకున్నట్టున్నాడు," అంటూ కాగితం మడిచి చేతిసంచిలో పడేసింది. "ఏంటలా చూస్తారు? తెర లేపండి!"

చేరాల్సిన చోటికి ఎన్నడూ చేరని ఆ కాగితంలో ఇలా ఉంది: "ఓరి దర్జీ, ఎడమ చెయ్యి నాలుగు వేళ్లు పొట్టిగా తగలేశావు, దీన్ని ఒక్కసారి కూడా తొడగకుండా తిప్పి పంపుతున్నాను, నా రెండు చేతులూ సమానమేనని గుర్తుపెట్టుకుని ఇంకొకటి కుట్టు — బహిర్జీ."