అమ్మ పోలిక

దర్జీ అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడలాగే ఎడమకన్ను మూసి కోడలు సూదిలో దారమెక్కిస్తోంది. కొలతలివ్వవచ్చిన ఆవిడ ముచ్చటపడింది.

"మీ అమ్మాయి అచ్చం మీ పోలికేనండీ!"

"కూతుర్ని నేను!" పుట్టింటికి వచ్చిన అసలు కూతురు చేతిలోని కత్తెరను బల్లమీదికి విసిరింది. "కన్ను మూయడం కూడా వదినకే ఇచ్చేశావా అమ్మా?"

"నేనివ్వలేదే తల్లీ. ఇన్నేళ్లూ నా పక్కన కూర్చుని తనే పట్టేసింది. నువ్వెప్పుడైనా కూర్చున్నావా?"

"అయితే నాకేం మిగిలింది?"

తల్లి ఆమెను అద్దంవైపు తిప్పింది. అసూయతో అదురుతున్న ఆ ముక్కుపుటాలు ముమ్మూర్తులా తల్లివే.

"ఈ ఉక్రోషం నేర్పితే వచ్చేది కాదు. నా కడుపున పుట్టావు గనక నీకొక్కదానికే వచ్చింది."

వదిన నవ్వాపుకోలేకపోయింది. కూతురు కాసేపు అద్దంలో తన్ను తాను చూసుకుని, కత్తెరను యథాస్థానంలో ఉంచి, వదిన పక్కకు పీట లాక్కుంది.

"జరుగు వదినా. ఏ కన్ను మూయాలి?"