పద్దెనిమిదో పేజీ

"అంటే పుస్తకం పూర్తి చెయ్యలేదన్నమాట!" పూర్ణచంద్రరావు కళ్ళజోడు తీసి మరీ అడిగాడు.

"లేదండి. పదిహేడు పేజీలే చదివాను," అంది శ్రావ్య.

ఆదివారం పొద్దున్నే 'డెల్టా చదువరులు' వాట్సాప్ గ్రూపు వీడియో మీటింగు జరుగుతోంది. ఎవరిళ్ళల్లో వాళ్ళు, వెనక పుస్తకాల బీరువా కనపడేలా సర్దుకుని కూర్చున్నారు. గ్రూపు పద్ధతేంటంటే, వంతులవారీగా ఒక్కొక్కరు తమకి ప్రాణమైన పుస్తకాన్ని పంపాలి. అది ఊరూరా తిరగాలి. అందరూ చదివాక కూర్చుని మాట్లాడుకోవాలి. ఈసారి వంతు అడ్మిన్ పూర్ణచంద్రరావుది. పుస్తకం 'కరకట్ట కాంతమ్మ'. తీరవాసి అనే మారుపేరుతో ఎవరో ఎప్పుడో రాసిన నవల. లోకంలో మిగిలింది ఈ ఒక్క కాపీయేనట. అది తెనాలిలో బయల్దేరి, రేపల్లె వెళ్ళి, పొన్నూరు వెళ్ళి, సభ్యులున్న ప్రతి ఊరూ తిరిగి, ఆఖరికి అందరికన్నా కొత్తగా చేరిన శ్రావ్య దగ్గరికి బాపట్ల చేరింది.

"రూలు తెలుసుగా అమ్మాయ్! పూర్తిగా చదవని వాళ్ళకి గ్రూపులో చోటు లేదు. ఆ రూలు పెట్టిందే నేను. నా పుస్తకానికే సడలిస్తే నలుగురూ నవ్వరూ?"

వ్యవసాయ కాలేజీ హాస్టల్లో శ్రావ్య చేతిలో పుస్తకం కనపడితే చాలు, "ఏంటే, రేపేమైనా పరీక్షా?" అంటారు. చదివినదాని గురించి మాట్లాడుకోడానికి మనుషులు దొరికింది ఈ గ్రూపులోనే. ఇదీ పోతే గోడలతో మాట్లాడుకోవాలి.

"నేను చదవనని అనలేదు సార్..."

"మరెందుకు చదవలేదమ్మా?" రేపల్లె నుంచి బిందుమాధవి అందుకుంది. లెక్చరరు కదా, ఎవరితో మాట్లాడినా అటెండెన్స్ తీసుకుంటున్నట్టే ఉంటుంది. "నేను పొయ్యి మీద పప్పు పడేసి చివరి అధ్యాయం మొదలెట్టాను. కాంతమ్మ పడవెక్కే చోటికొచ్చేసరికి పప్పు కాస్తా మాడిపోయింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆ మాడు పప్పే తిన్నాం ఇంటిల్లిపాదీ."

"అబ్బబ్బ, ఆ పడవ సీను!" పొన్నూరు నాగేంద్రబాబు తన రైసు మిల్లులోంచి అరిచాడు. "మిల్లు హోరులో కూడా వెక్కి వెక్కి ఏడ్చానండి. హమాలీలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చారు."

మిగతా వాళ్ళూ ఊరుకోలేదు. ఏడుపు బొమ్మలు వరసగా పెట్టేశారు. చిత్రమేంటంటే, అందరికీ ఏడుపొచ్చింది ఆ పడవ దగ్గరే. పుస్తకాన్ని పరిచయం చేస్తూ మొదట్లో పూర్ణచంద్రరావు పెట్టిన వాయిస్ మెసేజ్‌లో ఉన్నదీ ఆ పడవే.

"చూశావా?" అన్నాడు పూర్ణచంద్రరావు. "నేనైతే దీన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. రాసినాయన నాకు బాగా దగ్గరివాడు. ఆయన రాస్తుంటే పక్కన కూర్చున్నవాణ్ణి. అలాంటి పుస్తకాన్ని పదిహేడో పేజీలో పడేస్తావా? తీరిక లేకా, ఇష్టం లేకా?"

"మీ పర్మిషన్ లేకండి."

"ఏంటీ?"

"ఆపైన చదవాలంటే చాకుతో కొయ్యాలండి. ఉన్నది ఒక్కటే కాపీ అన్నారు, మిమ్మల్ని అడక్కుండా ఎలా కోస్తాను? ఒక మాట అడగాలని మొన్ననే మెసేజ్ పెట్టాను సార్. మీటింగులో అడుగమ్మా అన్నారు."

శ్రావ్య పుస్తకాన్ని కెమెరాకి దగ్గరగా పట్టింది. పాతకాలం అచ్చు. పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి, కుట్టి, ఆ తర్వాత అంచులు కొయ్యాలి. ఈ పుస్తకానికి ప్రెస్సువాళ్ళు కొయ్యడం మర్చిపోయారు. మొదటి పదహారు పేజీలు మాత్రం ఎవరో వంకరటింకరగా కోసుకున్నారు. పదిహేడో పేజీ ఎలాగూ తర్వాతి మడతకి పైకే ఉంది. పద్దెనిమిది మొదలు చివరి దాకా కాగితాలన్నీ మడతల్లో మూసుకునే ఉన్నాయి. అందులోకి గాలైనా దూరిన జాడ లేదు.

"నాకు నెట్టు సరిగ్గా రావట్లేదండీ," అని నాగేంద్రబాబు మాయమయ్యాడు. బొమ్మ పోయినా మిల్లు హోరు బ్రహ్మాండంగా వినపడుతూనే ఉంది. "కుక్కరు, కుక్కరు!" అంటూ బిందుమాధవి లేచిపోయింది. పాపం, ఇవాళ కూడా పప్పే కాబోలు. మిగతా వాళ్ళు ఆ పాటి సాకు కూడా చెప్పలేదు. పూర్ణచంద్రరావు కళ్ళజోడు పెట్టుకుని కాల్ కట్ చేశాడు.

ఆ తర్వాత గ్రూపు మోగడం మొదలెట్టింది. నాగేంద్రబాబు లెఫ్ట్. బిందుమాధవి లెఫ్ట్. వాళ్ళ వెనకే మిగతా అందరూ. ఆఖరున పూర్ణచంద్రరావు కూడా లెఫ్ట్. రూలు రూలే మరి!

'ఇప్పుడు మీరే ఈ గ్రూపు అడ్మిన్' అని శ్రావ్య ఫోన్లో కనపడింది. సభ్యులు ఒక్కరు. గ్రూపులోంచి తీసేస్తారని భయపడిన పిల్లకి గ్రూపు మిగిలింది, మనుషులే మిగల్లేదు.

అంతలో పూర్ణచంద్రరావు నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది.

"అమ్మా శ్రావ్యా, కొయ్యమ్మా. మెల్లిగా, చిరక్కుండా కొయ్యి. పడవ సంగతి నేను కల్పించిందే. కాంతమ్మ ఆఖరికి ఏమైందో చదివి నాకు చెప్పవూ? తీరవాసి మా నాన్న."