కుడివైపు వణికిన పట్టీ

చూపులేని మేనమామ కోదండపాణి ఒంటరిగా తిరగగలగాలని మైత్రేయి నడుముకు కట్టుకునే పట్టీ తయారుచేసింది. మనిషి దగ్గరికొస్తే అది ఆ వైపు వణుకుతుంది. పొద్దుగూకాక, జమ్మలమడుగు దగ్గర ఎండిన పెన్నలో, పట్టీకి తాను అందకుండా పదడుగులు వెనక ఉండి, ఆయనను నడిపించి చూస్తోంది.

పట్టీ కుడివైపు వణికింది.

"ఎవురుండారు ఆడ?"

"ఎవురూ లేరు మామా."

"గుడ్డోడికి ఏం చెప్పినా చెల్లుతాదనుకుంటివా? మీ అత్త సచ్చిపోతే గూడా నిద్రపోతాందనే చెప్తిరి నాకు."

ఆయన పట్టీ పీకి వెనక్కి విసిరికొట్టాడు. మైత్రేయి ఒళ్ళు మండుతున్నా, వెళ్ళి వంగి దాన్ని తీసుకుంది.

తలెత్తేసరికి మామ దూరంగా నడిచిపోతున్నాడు. పక్కనున్నవాళ్ళ భుజం పట్టుకున్నట్టు ఆయన కుడిచెయ్యి గాలిలో ఆని ఉంది.

"నీ భుజం మీద ఇంత ఇసకేంది మైత్రేయీ?" అని పక్కకు తిరిగి కసురుతున్నాడు.