కిందపడిన అమ్మాయి

గెలిచిన మనిషి, ఓడిన మనిషి ఒకే ఫొటోలో ఉంటే అది ఎవరిది? ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

పోర్ట్‌ఫోలియో కోసం నేను తీసిన పోటీల ఫొటోల్లోంచి ఏరి బల్లమీద పరిచినవాటిలో తనది లేదని కుస్తీలో గెలిచిన అమ్మాయి స్టూడియోకి వచ్చి నిలదీసింది.

"నేను గెలిచిందే ఆ ఒక్కసారి. ఎందుకు తీసేశారు?"

"అందులో కిందపడిన అమ్మాయిని అడిగితే వద్దంది. ఆ ఏడుపు ముఖంతో నలుగురిలో కనపడలేనంది."

ఆమె మిగతా ఫొటోలు ఒక్కొక్కటే చూసింది.

"వీళ్ళూ పడి ఏడ్చినవాళ్ళేగా. ఒక్కరినైనా అడిగారా?"

నేను ఫొటోలు ఒకచోటికి సర్దబోయాను.

"ఆ అమ్మాయిని మాత్రం అడిగారు. మీ చెల్లెలని కాదూ? మీ జాలి ఇంటి గడప దాటదన్నమాట, మేడం."

తలుపు దడాలున వేసి వెళ్ళిపోయింది.

వీళ్ళందరినీ అడగాలో, చెల్లి మాట కాదని ఆ ఫొటో పెట్టాలో నాకింకా తేలలేదు.