కసాయి నేలమాళిగ కేసు

డీట్మార్ కోల్బె తన ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలో మొదటి దొంగపని ఒక బుధవారం మధ్యాహ్నం కాఫీ తాగుతూ చేశాడు. చివరిదాకా ఆడని ఆటను ఆడానని నివేదిక రాసి, కింద సంతకం గీకి, ముద్ర గుద్దేశాడు.

ఆట పేరు ‘కసాయి నేలమాళిగ’. పిల్లలకు పనికిరాని వీడియో గేములను నిషేధించే సర్కారీ కార్యాలయంలో కోల్బె పరిశీలకుడు. అక్కడ ఒక రూలుంది. పరిశీలకుడు ఆటను మొదటి నుంచి చివరిదాకా స్వయంగా ఆడి చూడాలి. జర్మనీలో రూలు ఒకసారి కాగితం మీద పడిందంటే ఇక బ్రహ్మరాతే!

కోల్బె మాత్రం మూడో అంతస్తు మెట్లు దాటితే ఒట్టు. కసాయి కొక్కెం పట్టుకుని వస్తాడు, కోల్బె చస్తాడు. మూడు వారాల్లో నూట పద్నాలుగుసార్లు చచ్చాడు. చచ్చి చచ్చి విసుగెత్తి, మిగతా కథ సొంతంగా అల్లేశాడు. ‘చివరి అంతస్తులో కసాయి చర్చి పాటల బృందాన్నంతా కొక్కేలకు వేలాడదీస్తాడు’ అని రాశాక తనకే ఒళ్ళు జలదరించింది.

పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలే ఉన్నాయి. ఈ దొంగ నివేదిక బయటపడిందా, ఉద్యోగమూ పెన్షనూ రెండూ హుష్‌కాకి.

ఆట మీద ఫిర్యాదు చేసింది ఫ్రౌ, అంటే శ్రీమతి, హిల్ట్రుడ్ బ్రాండ్ల్. అరవై ఆరేళ్ళ పెద్దావిడ, చర్చి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ‘మన పసిపిల్లలు ఏమైపోవాలి?’ అంటూ ఆరు ఉత్తరాలు రాసింది. మూడువందల పన్నెండు మందిచేత సంతకాలు పెట్టించింది. ముగ్గురు సభ్యుల కమిటీ ముందు విచారణ జరిగే రోజున ప్లమ్ పళ్ళ కేకు చేసి తెచ్చి, అందరికీ తలో ముక్క పెట్టి మరీ కూర్చుంది.

ఆట కంపెనీ తరఫున వచ్చిన లాయరు డాక్టర్ లింకె కేకు మింగి లేచాడు.

“ఏమండీ, రక్తం ఎర్రగా ఉందన్నారు, ఆకుపచ్చ చేశాం. నరికితే చెయ్యి తెగకూడదన్నారు, తెగకుండా చేశాం. ఇంకేం చెయ్యమంటారు? కసాయి చేతిలో కొక్కెం లాక్కుని పూలగుత్తి పెట్టమంటారా?”

కమిటీలో ముగ్గురూ కిసుక్కున నవ్వారు. లింకెకు ఊపొచ్చింది. కోల్బె నివేదిక తీసి ఆఖరి పేజీ తిప్పాడు.

“ఇదేంటండీ, పాటల బృందమా? మా ఆటలో చర్చే లేదు! హెర్ కోల్బె, మీరసలు చివరిదాకా ఆడారా?”

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని కోల్బె వంకే చూస్తోంది. అయిపోయింది, ముప్పై ఏడేళ్ళ పరువు గంగలో కలిసినట్టే.

“ఉంది!”

అందరూ వెనక్కి తిరిగారు. ఫ్రౌ బ్రాండ్ల్ చేతిసంచీ చంకన పెట్టుకుని నిలబడింది.

“పదమూడు తాళంచెవులూ ఏరుకుని, ఒక్కసారి కూడా చావకుండా తొమ్మిదో అంతస్తుకి దిగితే గోడ తెరుచుకుంటుంది. పాటల బృందం ఆ గోడ వెనకుంది. మీరు దిగారా డాక్టర్ లింకె?”

“నేనా? నేను... నేను లాయర్నండీ.”

“దిగలేదన్నమాట. పోనీ, ఆరో అంతస్తు బావిలో గొలుసెక్కడ దొరుకుతుందో చెప్పండి. అదీ తెలీదా? కసాయికి ఎడమ కన్ను కనిపించదని, మూడో అంతస్తు మెట్ల మీద ఆ పక్కనుంచే జారుకోవాలని ఎవరూ చెప్పలేదా? ఏమీ తెలీకుండానే వకాల్తా పుచ్చుకుని వచ్చేశారా, హవ్వ!”

ఎడమ పక్కనుంచా! నూట పద్నాలుగు చావులూ కోల్బె కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

లింకె కాగితాలు తిరగేశాడు, దగ్గాడు, మళ్ళీ తిరగేశాడు. అతను ఆ ఆటను పెట్టె మీద బొమ్మ తప్ప చూసిన పాపాన పోలేదు. చివరికి మిగిలిన కేకు ముక్క నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.

పావుగంటలో తీర్పు వచ్చేసింది. కమిటీ అధ్యక్షురాలు లేచి చదివింది: “ఈ రోజు నుంచి దేశంలో ఈ ఆట అమ్మకాలు, ప్రకటనలు, ఇంటర్నెట్‌లో నడిచే జాతీయ స్కోరు పోటీ, అన్నీ నిలిపివేయాలి.”

కోల్బె వరండాలోకి పరుగెత్తి ఫ్రౌ బ్రాండ్ల్ రెండు చేతులూ పట్టుకున్నాడు. సంతోషంతో గంతులేయడం ఒక్కటే తక్కువ.

“మీరు నా పాలిట దేవతండీ! మీ దగ్గర దాపరికం దేనికి, ఆ పాటల బృందాన్ని నేనే కల్పించాను. తీరా చూస్తే అది నిజంగానే ఉందా!”

“నా మొహం! చివర ఉండేది ఒక బంగాళాదుంపల బస్తా, దాని మీదొక పిల్లి. అంతే.”

కోల్బె నోరు తెరిచాడు. “అంటే... మీరు చివరిదాకా ఆడారా?”

“పందొమ్మిదిసార్లు.”

“మరి అంత పెద్ద అబద్ధం ఎందుకాడారండీ? పిల్లల మేలు కోసమా?”

ఫ్రౌ బ్రాండ్ల్ అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరకు వంగింది. “పిల్లల మేలా, పాడా! ఆ స్కోరు పోటీలో దేశం మొత్తానికి ఫస్టు నేను. డ్రెస్డెన్ ఊళ్ళో వెధవొకడు నలభై పాయింట్ల దూరానికి వచ్చేశాడు, ఇప్పుడు నన్నెలా దాటతాడో దాటమనండి!”