మారుగొంతు

తీరిక లేనివాళ్ళ తరఫున అచ్చం వాళ్ళలాగే పలికే యంత్రం, 'మారుగొంతు', ఫోన్లు చేసి మాట్లాడే రోజులవి. అందుకే వినీల చదివే ఫోరెన్సిక్ కోర్సులో, ఇంటికొచ్చే ఫోన్లు విని మాట్లాడింది మనిషో యంత్రమో తేల్చడం కూడా హోంవర్కే. "గొంతు వినకండి, అలవాటు వినండి" అంటారు పాఠం చెప్పే మేడమ్.

ఆ సాయంత్రం అమ్మ బెండకాయలు తరుగుతూ, విశాఖలో ఒంటరిగా ఉంటున్న అక్క సుచిత్రతో ఫోన్లో మాట్లాడుతోంది. వినీల పక్కనే కూర్చుని వింటోంది. అదే గొంతు, అదే నవ్వు, మధ్యలో వచ్చే దగ్గు కూడా అక్కదే.

"సరేనమ్మా, డ్యూటీకి వెళ్ళొస్తాను" అని అక్క పెట్టేసింది.

ఆ మాటకి వినీల చటుక్కున తలెత్తింది. 'వెళ్తా' అనకూడదని అమ్మ చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉంది. ఆ తిట్టు కోసమే అక్క ప్రతిసారీ 'వెళ్తా' అంటుంది.

"అమ్మా, అక్క ఎప్పట్నుంచి ఇలా అంటోంది?"

"వారమైందే. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది దానికి" అని అమ్మ మురిసిపోయింది.

ఒకపూట మారుగొంతు మాట్లాడిందంటే అక్కకు పని ఉందనుకోవచ్చు. వారమంతా అదే మాట్లాడితే అక్క ఏమైనట్టు? వినీల పెరట్లోకి వెళ్ళి అక్క నంబరు నొక్కింది.

"చెప్పవే" అంది అక్క గొంతు, వెంటనే.

"అక్కా, ఒక్కసారి 'వెళ్తా' అను."

అవతల చిన్న నవ్వు వినిపించింది.

"తప్పే, అలా అనకూడదు. అమ్మ బాధపడుతుంది."